పసుపుదారపు సీసా

మాఘమాసము. శిశిరశేషమగు మంచుతెర గంగాగర్భమునుండి మెల్లమెల్లగ లేచి సోపానపంక్తుల నొరసికొనుచు దేవాలయ శిఖరములవరకు ప్రాకి అచ్చట బాలభాస్కర కిరణస్పర్శచే కరగిపోవుచుండెను. స్నానార్థులగు నానాదేశీయ జనుల మంత్రధ్వనులును పడవవాండ్ర కేకలును పావురముల రెక్కల చప్పుడును ఏకమై కాశీపట్టణమును మేలుకొలుపుచుండెను. అట్టి ప్రభాతవేళ తెలుగు యాత్రికులు దిగు సత్రము వాకిట విరూపాక్షయ్య యను చీరాల వస్త్రవర్తకుడు పసుపుగుడ్డలో చుట్టిన మట్టికుండ నొకదానిని రొమ్మున కదుముకొని నిలుచుండెను. ఆ కుండలో నున్నవి ఆతని భార్య కనకరత్నమ్మ యస్థికలు.

ఏడాదిక్రిందట దంపతు లిరువురును అహోబిలయాత్రకు పోయినపుడు నడిదారిలో చెంబునీరు నిండుకొనగా ఆ యిల్లాలు దాహమున కోర్వజాలక బాటప్రక్క తొట్టినీరు త్రాగి కామెర్లపాలై నెల తిరుగకమునుపే కన్నుమూసెను. తుదిఘడియలలో ఆమె భర్తచేయి పట్టుకొని కోరిన దొక్కటియే. తన యస్థికలను ఒడ్డున బురదలో గాక నడిగంగలో నిర్మలమగు నీట విడువవలెను. ఆబ్దికము ముగియువరకు విరూపాక్షయ్య యా కుండను పెరటి వేపకొమ్మకు వ్రేలగట్టి దినదినమును దానితో రెండుమాట లాడుచు ఆ నిర్మలజలము కొఱకే బ్రదికియుండెను. అంతకు మించి యాతని కీ లోకమున చేయవలసిన పని యున్నట్లు తోచలేదు.

కాశీకి పోయినవాడు కాటికి పోయినవానితో సమానమను సామెత రైలుబండి పుణ్యమున ఏనాడో చెల్లిపోయినను నీటివిషయమున మాత్ర మాతనికి ఇంకను నిజమే. చెఱువునీరన్నను బావినీరన్నను కుళాయినీరన్నను గుండె గుభేలుమనుచుండుటచే ముద్ర చెడని ప్లాస్టిక్ సీసానీరు తప్ప మఱియొక నీటిచుక్క పెదవిసోకనిచ్చెడివాడు కాడు. దానికి తోడు ఎంగిలిభయ మొకటి. ఏ తోటిప్రయాణికుడో పొరపాటున తన సీసా నెత్తి నోటబెట్టుకొనునేమో యని ప్రతిసీసా మెడకును పసుపుదారపు పోగొకటి చుట్టి గుర్తుపెట్టుకొనుచుండెను. ఎంత మడి! నీరు ముగిసినదే తడవుగ ఆ సీసాను దారముతో గూడ కిటికీలోనుండి విసరివైచుచు అది ఏ పొలమున పడెనో ఏ కాలువలో పడెనో కన్నెత్తియైనను చూడకుండెను. చీరాల మొదలుకొని కాశీవరకు ఆతడు పోయిన త్రోవ ఆతని పసుపుదారములను పట్టుకొని ఎవ్వరైనను కనుగొనవచ్చును.

వెంట వచ్చినది అక్కయగు పేరిందేవమ్మ. బాల్యముననే విధవయై తన రెక్కలమీద తాను బ్రదికిన యా వృద్ధురాలు నోటిదురుసునకు పేరుపడినదే గాని మనసు వెన్న. ఆమె మూటలో విస్తరాకుల కట్టయు చేతిసంచులును ముతకగుడ్డతో నిలువెల్ల తొడుగు కుట్టిన మరచెంబొకటియు నుండెను. బండిలోనైనచో టీ కాచువానిని బ్రతిమాలి తెరలునీళ్లు పోయించుకొని చిటికెడు శొంఠిపొడి చల్లి మర బిగించి చల్లారనిచ్చుచు, సత్రములోనైనచో వేకువనే పొయ్యిముందు కూర్చుండి నీరు కాచుకొనుచు, తన దాహమునకు పరుల మొగము చూడకుండెను. తమ్మునికిని పలుమారు చెంబు చాపెను. ఆతడు పలుమారు మొగము త్రిప్పుకొనెను. కాచిన నీటికంటె కొన్న నీటిమీద నమ్మకము గల రోజులు వచ్చినవని యామె నవ్వి యూరకుండెను.

కాశీకి పోయినవారు తమకు ప్రియమగు కాయనో పండునో గంగయొడ్డున విడిచిపెట్టి మరల జన్మలో ముట్టకుండుట మనవారి యాచారము గదా! కాని విడుచువారిలో మామిడిపండు విడుచువాడు అరుదు. విరూపాక్షయ్యయు కాకరకాయను విడువ నిశ్చయించుకొనెను. ఆతడు పుట్టినది మొద లా కాయ యాతని విస్తరిలో పడియెరుగదు. అత్తసొమ్ము అల్లుడు దానము చేసినట్లున్నదని పేరిందేవమ్మ మేలమాడగా సత్రములోని వారందరును నవ్వగా ఆతడును సిగ్గుపడక నవ్వెను.

మంచు విడిన పిదప పురోహితునితో గూడ అక్కదమ్ములు పడవ యెక్కిరి. దరి దూరమగుకొలది నీరు తేటపడి ఆకసమంతయు దానిలో దిగివచ్చినట్లుండగా విరూపాక్షయ్య మనసు చాలనాళ్లకు కుదుటబడెను. నాలుక యెండుచుండుటచే సీసాలో మిగిలిన నీరు త్రాగి చిరకాలాభ్యాసమున దానిని ప్రక్కకు విసరివైచెను. తాను విసరిన సంగతియే యాతనికి తెలియలేదు. పిమ్మట మంత్రపూర్వకముగ కుండను నీట విడిచి దానిపై కనకరత్నమ్మకు ప్రాణసమానమగు జాజిపూలదండ నుంచి చేతులు జోడించెను. కుండ మెల్లగ నిండి మునిగెను. దండ మాత్రము తేలి కొంతదూరము సాగి సుడిలో చిక్కి వలయముగ తిరిగి మరల పడవవైపునకే వచ్చుచుండెను.

అది యొంటరిగ రాలేదు. దండనడుమ ఒక సీసామెడ ఇరుకుకొని యుండెను. ఆ మెడకు పసుపుదారము చుట్టియుండెను.

విరూపాక్షయ్య చూచెను. నిర్మలమగు నీట విడువుమని చేయి పట్టుకొని వేడిన యా యిల్లాలి తలపై తాను స్వహస్తముతో పెట్టిన దేమియో ఆ క్షణమున నాతనికి తెలిసి దుఃఖము కట్ట తెగెను.

“అక్కా, అది నాదే. ఇంకొకరి ఎంగిలి నాకు తగలకూడదని దారం కట్టుకున్నాను. నా ఎంగిలి తీసుకెళ్లి రత్నం నెత్తిన పెట్టాను.”

పేరిందేవమ్మ నోరు పెద్దదైనను ఆ సమయమున నొక్క దెప్పుమాటయైన రానీయలేదు.

“వంగి తీసుకో. దండ తెగకుండా తియ్యి” అని మాత్ర మనెను.

ఆతడు పడవయంచున బోర్లబడి సీసాను విడదీసి దండను మరల నీటికి అప్పగించెను. ఈసారి యది సుడి దాటి తిన్నగ సాగిపోయెను. అది కనుమరుగగు వరకు ఆతడు సీసాను ఒడిలోనే యుంచుకొని కూర్చుండెను.

ఒడ్డు చేరిన పిదప పురోహితుడు దోసిట నీరు పోసి ఏమి విడుచుచున్నారో చెప్పుడని యడిగెను.

“సీసానీళ్లు” అనెను విరూపాక్షయ్య.

పురోహితుడు తెల్లబోయి కాయో పండో చెప్పవలెననియు దాహము విడుచుట శాస్త్రమున లేదనియు మందలించెను.

“దాహం కాదు స్వామీ, సీసా. కాకరకాయ నేనెప్పుడూ తిన్నది కాదు. దాన్ని వదిలితే గంగమ్మ నవ్వుతుంది. ఇది లేకుండా నేను ఇంటి గడప దాటలేను. అందుకే ఇదే వదులుతున్నాను.”

పురోహితుడు దర్భ సవరించుకొని సంకల్పము చెప్పెను.

వ్రతము పట్టుట సులభము, దాహము వేసినపుడు గదా తెలియును! మధ్యాహ్నమునకు ఎండ ముదిరి ఆతని గొంతు పిడచకట్టెను. సందుసందునను అంగళ్లలో సీసాలు బారులుదీరి పిలుచుచుండెను. పేరిందేవమ్మ చెంబు చాపగా నాతని చేయి రాలేదు. తొట్టినీరు కన్నులయెదుట మెదలెను, పచ్చబడిన భార్యముఖము మెదలెను. ఆతని భయము బూటకము కాదు. అది చూచి యా వృద్ధురాలు సత్రపు టరుగుపై చతికిలబడి చెంబునకు తొడిగిన ముతకగుడ్డ కుట్లను పండ్లతో కొరికి విప్పదొడగెను.

తొడుగు జారెను. పసుపుపచ్చని యిత్తడి మెరసెను. దాని కడుపుపై పెండ్లినాడు చెక్కించిన యక్షరములు కనబడెను. కనకరత్నమ్మ. భార్య పోయిన పిదప చూడజాలక విరూపాక్షయ్య యటకపై పడవైచిన మరచెంబది.

“చెబితే తేనివ్వవని గుడ్డ కుట్టాను” అనెను పేరిందేవమ్మ. “పొద్దున నేనే కాచాను, తమ్ముడూ. దీంట్లో నీళ్లు ఉన్నన్నాళ్లూ రత్నానికేమీ కాలేదు.”

విరూపాక్షయ్య యా యక్షరములపై వ్రేలు రాచెను. పిదప మర విప్పి మన పెద్దలు త్రాగినట్లు పెదవి సోకకుండ చెంబు నెత్తి పట్టెను. శొంఠివాసనతో నీరు గొంతున దిగెను.

తిరుగుప్రయాణమున ప్రతిస్టేషనులోను సీసాలవాండ్రు కిటికీకడకు వచ్చి కేకలువైచి పోవుచుండిరి. ఆ పసుపుదారపు సీసా యాతని సంచియడుగున ఇంటికి పోవుచుండెను. ఇరుగుపొరుగు ప్రయాణికులు దాహమనిన ఆతడే పిలిచి చెంబందించుచుండెను. ఎత్తి త్రాగెడి చెంబునకు ఎంగిలి లేదు గనుక దారము కట్టవలసిన పని లేకపోయెను. తనకు దాహమైనపుడు మాత్రము త్రాగుట కొంత యాలస్యమగుచుండెను. ఏలయన చెంబు పైకెత్తిన ప్రతిసారియు ఆ పేరు తిన్నగ ఆతని కన్నులయెదుటికి వచ్చి నిలుచుచుండెను.