రాణుల రహస్య దారి

మా రూపాసర్ కోటలో మొదటి ద్వారం దాటగానే దారి ఒక్కసారిగా పక్కకు తిరుగుతుంది. శత్రువుల ఏనుగు పరుగెత్తుకొచ్చి లోపలి తలుపును గుద్దకుండా అలా కట్టారు. ఆ తర్వాత మగవాళ్ళ దర్బారు, దాని వెనక అద్దాల మహలు, ఆ పైన జనానా. జనానా కిటికీలు ఎర్రరాతిని తేనెపట్టులా తొలిచినవి. లోపలి ఆడవాళ్ళకు వీధంతా కనిపిస్తుంది, వీధిలోవాళ్ళకు మాత్రం వాళ్ళ నీడ కూడా కనిపించదు. తమ ఆడవాళ్ళను లోకం కంట పడకుండా దాచడానికి మా ఠాకుర్లు ఎంత తెలివి ఖర్చుపెట్టారో, ఇంకోదాన్ని దాచడానికీ అంతే ఖర్చుపెట్టారు.

ఇప్పటి ఠాకుర్ మహిపాల్‌సింగ్ ఆ కోటను హోటల్‌గా మార్చాడు. వచ్చినవాళ్ళు చెవులకు తగిలించుకుని వినేందుకు కోట చరిత్రను చెప్పి రికార్డు చేయమని అక్క ఉగమ్ కన్వర్‌ను పిలిపించాడు. భర్త పోయాక ఆవిడ జోధ్‌పూర్‌లో ఆడపిల్లల కాలేజీలో చరిత్ర చెప్పుకుంటూ ఒంటరిగా ఉంటోంది. పుట్టింటి పని కదా అని సంబరంగా వచ్చింది. దర్బారు గురించి చెప్పింది, అద్దాల మహలు గురించి చెప్పింది. గవ్వల పొడి కలిపిన సున్నాన్ని నునుపురాయితో రుద్ది రుద్ది ఆ గోడలకు మెరుపు తెచ్చిన తీరు చెబుతూ, చిన్నప్పుడు మండుటెండల్లో వాటికి చెంప ఆనించి నిలబడేదాన్నని కూడా కలిపింది.

తర్వాత మహిపాల్ ఆవిడను జనానా గోడ వెనక ఉన్న సందులోకి తీసుకెళ్ళాడు. సందు చివర పొడుగాటి గది. అందులో ముఖమల్ ఆసనాలు, వెండి పళ్ళేలు పెట్టిన బల్లలు. రాణులు ఎవరికీ తెలియకుండా ఈ దారినే వెన్నెల్లో చెరువుకు వెళ్ళేవారని చెప్పమన్నాడు.

ఉగమ్ కన్వర్ తలెత్తి చూసింది. కప్పులో వరసగా గుండ్రటి కన్నాలున్నాయి. ఒక్కోదాంట్లో ఒక్కో పసుప్పచ్చ దీపం బిగించారు. ఆ దీపాల కింద ఒక్కో పళ్ళెం పడేలా బల్లలు సర్దారు.

ఆ కన్నాలు ఏవో ఆవిడకు తెలుసు. పైన, జనానాలో, ఆ కన్నాల మీద రాతి పీటలుండేవి. రోజూ పొద్దు పొడవకముందే పాకీవాళ్ళు బయటి గోడలోని పొట్టి తలుపులోంచి వంగి వచ్చి, ఇక్కడ పడినదంతా బూడిద చల్లి, రేకుతో గీకి, తట్టల్లో ఎత్తుకుపోయేవారు. వాళ్ళు ఎవరి కంటా పడకూడదనే ఈ సందు. చిన్నప్పుడు ఆవిడ ఒకరోజు కన్నంలోకి తొంగి చూస్తే, తన ఈడు పిల్లే ఒకతె కిందనుంచి పైకి చూసింది. విషయం తెలిసి నాయనమ్మ ఉగమ్‌కు రెండుసార్లు తలారా స్నానం చేయించింది.

“మహీ, ఇది పాకీదొడ్డి గుంత. ఇక్కడ జనానికి అన్నం పెడతావా?”

“యాసిడ్ పోసి కడిగించాను జీజీసా, సున్నం కొట్టించాను. ఇంకేం కావాలి? నువ్వు నోరు తెరవకపోతే ఎవరికి తెలుస్తుంది?”

ఆవిడ ఆ గది గురించి ఒక్క ముక్క కూడా చెప్పనంది. కానీ ప్రారంభం విందుకు ఉండకపోతే పరువు పోతుందని తమ్ముడు బతిమాలితే కాదనలేకపోయింది.

విందు ఆ గదిలోనే. ఢిల్లీ నుంచి, బొంబాయి నుంచి వచ్చినవాళ్ళు దీపాల అమరికను మెచ్చుకుంటూ సజ్జరొట్టె తుంచి ఎర్రటి మాంసం కూరలో అద్దుకుంటున్నారు. పైనుంచి వెలుగు పడి కూర మీది నెయ్యి నిగనిగలాడింది. ఉగమ్ కన్వర్ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. గదిలో అత్తరు వాసన తప్ప ఏమీ లేదు, అయినా తియ్యలేకపోయింది.

గుమ్మంలో పూలు చల్లడానికి మేనేజరు దిగువవాడ నుంచి ఆడవాళ్ళను పిలిపించి, దాసీల వేషం వేయించాడు. ఎక్కడినుంచో వచ్చినవాడు, వాళ్ళెవరో అతనికి తెలియదు. వాళ్ళలో ధాపూ అనే ముసలావిడ ఉంది. మీ పెద్దవాళ్ళు కూడా రాణులకు సేవ చేసేవారా అని విందుకు వచ్చిన ఒకావిడ ముచ్చటపడి ఆమెను అడిగింది.

“చేశారమ్మా, ఇక్కడే. మీరు కూర్చున్నారే, అక్కడే మా అమ్మ రేకు పెట్టి గీకేది. నేను తట్ట పట్టుకునేదాన్ని. ఆ దీపాలున్న కన్నాల్లోంచే పడేది, ఒక్కోసారి మా మీద కూడా.”

ధాపూ గొంతులో కోపం లేదు. అడిగారు కాబట్టి చెప్పింది, అంతే. ఒకతను పళ్ళెం దూరంగా తోసేశాడు. ఇంకొకామె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని బయటికి పరుగెత్తింది. ఒక కుర్రాడు మాత్రం పకపకా నవ్వి, ఫోన్ ఎత్తి పట్టుకుని, అవ్వా, మళ్ళీ చెప్పు అన్నాడు.

మహిపాల్ ఆ పూట మేనేజర్ని చెడామడా తిట్టాడు. కానీ కుర్రాడి వీడియో దేశమంతా తిరిగేసరికి, ఆ గదిలోనే భోజనం కావాలని ఫోన్లు మొదలయ్యాయి. దాంతో అతని కోపం కాస్తా చల్లారింది. ధాపూను పిలిపించి, బంగారు రంగు వేసిన కొత్త తట్ట చూపించాడు. రోజూ సాయంత్రం దాన్ని నెత్తిన పెట్టుకుని వచ్చి, ఆ మాటలే చెబితే చాలన్నాడు.

ధాపూ తట్టను ముట్టుకోలేదు.

“మీ ఇంటిది మా అమ్మ మోసింది, నేను మోశాను ఠాకుర్‌సా. ఇప్పుడు ఖాళీది మొయ్యమంటున్నారు. ఖాళీదైనా నా ముక్కుకు అదే కంపు కొడుతుంది.” అని ఇంటికి వెళ్ళిపోయింది.

ఉగమ్ కన్వర్ ఆ రోజే దిగువవాడకు వెళ్ళింది. ధాపూ గుమ్మం ముందు మిరపకాయలు ఎండబోస్తోంది. మంచం వాల్చి కూర్చోమంది. ఉగమ్ కన్వర్ ఏడుస్తూ, ఆ ఇంట్లో పుట్టినందుకు తన మీద తనకే రోత పుడుతోందనీ, నాలుగు రోజులుగా ముద్ద దిగడంలేదనీ చెప్పుకొచ్చింది. చాలాసేపు చెప్పింది. ధాపూ మిరపకాయలు తిరగేస్తూ విన్నది.

“బాయిసా, మీ రోతను కూడా మా వాకిట్లోనే పోస్తారా? దాన్ని మేమే ఎత్తాలా?” అంది.

ఉగమ్ కన్వర్ కళ్ళు తుడుచుకుని లేచింది. ఆ సాయంత్రం బస్సుకే జోధ్‌పూర్ వెళ్ళిపోయింది. మళ్ళీ రూపాసర్ రాలేదు. అద్దాల మహలు గురించి, నున్నటి గోడల గురించి చెప్పిన ఆవిడ గొంతు మాత్రం హోటల్లో ఇప్పటికీ వినిపిస్తుంది. తీసెయ్యమని రెండుమూడుసార్లు అడిగిందట. మహిపాల్ వినిపించుకోలేదు.

తట్ట మొయ్యడానికి జైపూర్ నుంచి నాటకాల పిల్లను తెచ్చారు. పోయిన చలికాలం మా బంధువుల పెళ్ళి ఆ కోటలోనే జరిగితే నేనూ వెళ్ళాను. పెళ్ళికూతురు స్నేహితురాళ్ళు ఆ తట్టను ఒకరి తర్వాత ఒకరు నెత్తిన పెట్టుకుని, నడుము తిప్పుతూ ఫోటోలు దిగారు. మాకు కూడా అక్కడే వడ్డించారు. పైన పసుప్పచ్చ దీపం, కింద నా పళ్ళెం. నేను చెయ్యి కూడా కడుక్కోకుండా లేచి బయటికొచ్చి, కోట గోడ పక్కన కాండ్రించి ఉమ్మాను.