పోయిన అప్పడాల కర్ర

నా భర్త తబిల్దీ మా ఊరి పక్క నారిన్ నది మీది జలవిద్యుత్ కేంద్రంలో ఇంజనీరు. ఇంటికొచ్చి ఆ ఉద్యోగాన్ని తిట్టని సాయంత్రం లేదు. చేసే పనిలో సంతోషం ఎరగకుండానే పోయాడని నాకు ఒకటే బాధ.

చనిపోయిన నలభయ్యో రోజు పెట్టే భోజనాలకు ఆయన కింద పనిచేసిన కాదిర్ వచ్చి, గుడ్డలో చుట్టిన కర్ర ఒకటి నా చేతికిచ్చాడు. విప్పి చూసి ఉలిక్కిపడ్డాను. ఏళ్ల కిందట మా వంటింట్లోంచి మాయమైన అప్పడాల కర్ర!

"ఇది మీ దగ్గరెందుకుంది?"

"అన్న దీన్ని టర్బైన్‌కి ఆనించి, రెండో కొస చెవికి పెట్టుకునేవాడు వదినా. మీటర్లున్నాయి కదన్నా అంటే, 'నోర్ముయ్యరా, పాడుతోంది, విననీ' అనేవాడు. కళ్లు మూసుకుని మురిసిపోయేవాడు."

"మరి ఇంట్లో తిట్టేవారే?"

"మెచ్చుకుంటే దిష్టి తగులుతుందని భయం. మా దగ్గర మిమ్మల్నీ అలాగే తిట్టేవాడు!"

కర్ర కొస చెవి తగిలి తగిలి నున్నబడి ఉంది. కాదిర్ వెళ్లాక రెండో కొసను టీ నీళ్లు కాచే సమోవర్‌కి ఆనించి చెవి పెట్టాను. లోపల నీళ్లు మరుగుతున్నాయి. చాలాసేపు విన్నాను.