మూలన పెట్టిన మిషన్

"ఒరేయ్ ఉడతా, నీ దుంపతెగ, పెట్రోల్లో ఆయిల్ కలపమంటే వాసన చూపించి వదిలేశావు కదరా" అని ఎదురుగా లేని మనిషిని తిట్టుకుంటూ ఆమె కొత్త పిస్టన్‌కి వేలితో నూనె రాసి సిలిండర్‌లోకి దించింది. ఊడదీసిన పాతది బల్ల మీద పడి ఉంది. దాని ఒక పక్కంతా పిల్లి గోళ్ళతో రక్కినట్టు చారలు. చెట్లు కోసే ఈ రంపం మిషన్ల చిన్న ఇంజిన్లకి విడిగా ఆయిల్ పొయ్యరు. పెట్రోల్లో కలిపిన నూనే వాటి ఒంట్లో తిరగాలి. ఆ సంగతి ఉడతకి ఎన్నిసార్లు చెప్పిందో లెక్క లేదు. చెప్పినప్పుడల్లా వాడు బుద్ధిగా "అలాగే అక్కా" అంటాడు. మళ్ళీ ఇంజిన్ బిగుసుకుపోయాకే కనిపిస్తాడు.

ఉడత చెట్లెక్కి కొమ్మలు కొట్టే మనిషి. అందుకే ఆ పేరు. ఆమెకీ ఒక పేరుంది, చిటపట అని. ఎదురుగా ఎవరూ అనరు, వెనక మాత్రం అందరూ అంటారు. ఆ పేరు పెట్టింది తానేనని ఉడత ఒకసారి ఆమె మొహానే ఒప్పుకున్నాడు. "స్లోలో పెట్టిన ఇంజిన్ అట్లాగే అంటది కదక్కా, చిటపట చిటపట, కానీ ఆగదు" అన్నాడు. ఆమె పానా ఎత్తింది. వాడు అప్పటికే రోడ్డు మీద ఉన్నాడు.

షెడ్డుకి రెండు గదులు. ముందుది తమ్ముడిది. ఫ్యాను, కుర్చీ, అద్దాల బల్ల, బల్ల మీద మెరిసేలా తుడిచి పెట్టిన సెకండ్ హ్యాండ్ మిషన్లు. వెనకది ఆమెది. నూనె తాగి నల్లబడ్డ చెక్కబల్ల, గోడ నిండా మేకులు, మేకులకి దండల్లా వేలాడే రంపం చైన్లు, ఒకే ఒక కిటికీ. ఈ గదిలోకి ఆమెను తీసుకొచ్చింది నాన్న. టార్చిలైటు పట్టుకునే మనిషి కావాలని బడి మాన్పించాడు. టార్చి పట్టుకున్న చెయ్యి కొన్నాళ్ళకి స్క్రూడ్రైవర్ పట్టుకుంది. ఆ తర్వాత నాన్న కంటే బాగా పట్టుకుంది. నాన్నకది తెలుసు. తెలిసీ ఒక్కనాడూ పైకి అనలేదు. తమ్ముడికి చదువు ఎక్కక తిరిగొచ్చాక షాపు వాడి పేర రాసి, "అక్క ఉందిగా, చూసుకుంటుంది" అన్నాడు. ఆ మాటకి ఆమెకి వచ్చిన కోపం ఆయన పోయి ఇన్నేళ్ళయినా చల్లారలేదు. పెళ్ళి మాట తెచ్చినవాళ్ళు లేకపోలేదు. ఒకాయన ఆమె చేతులు చూసి "ఆ నలుపు కడిగితే పోతుందా" అని అడిగాడు. "మీ బండి పొగ చూశారా? ముందు అది పోగొట్టుకోండి" అని గుమ్మం దాకా వెళ్ళి మరీ సాగనంపింది.

నట్లు బిగించి, ప్లగ్గు పెట్టి, స్టార్టర్ లాగింది. మూడో లాగుకి అంటుకుంది. నీలం పొగ గదంతా కమ్మింది. కాసేపు వేడెక్కనిచ్చి పూర్తిగా రేజ్ చేసింది.

ఇక్కడి నుంచే అసలు పని. పెట్రోలు తక్కువైతే ఇంజిన్ కీచుమని అరుస్తుంది. వినేవాళ్ళకి హుషారుగా ఉంటుంది, లోపల పిస్టన్ మాత్రం కాలిపోతుంటుంది. సరిగ్గా ఉన్నప్పుడు గొంతులో చిన్న గరగర ఉంటుంది. రంపం చెక్కలో దిగగానే ఆ గరగర పోయి గొంతు విచ్చుకుంటుంది. నాన్న ఆ తేడా చెవితోనే నేర్పాడు. చెవుల్లో దూది పెట్టుకుంటానంటే కసిరేవాడు. "చెవులు మూసుకుంటే ఇంజిన్ ఏమంటుందో ఎట్లా తెలుస్తుందే?" ఆయన మాట విన్నందుకు ముందు ఎడమ చెవి పోయింది. ఇప్పుడు కుడిది కూడా పోతోంది. ఇంజిన్ ఆగాక కూడా తలలో ఏదో కీచుమంటూనే ఉంటుంది. ఆ గరగర ఆమెకి ఇప్పుడు వినపడదు. ట్యాంకు మీద వేళ్ళు ఆనించి పట్టుకుంటుంది. పెట్రోలు సరిచేసే స్క్రూని వెంట్రుకవాసి తిప్పి, వేళ్ళ కింద ఆ చిన్న తడబాటు తగలగానే ఆపుతుంది. ఇప్పటిదాకా ఒక్క మిషన్ కూడా తేడా రాలేదు. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. చెవిటిదానికి ఎవరు మిషన్ ఇస్తారు?

ఇంజిన్ ఆపి, గుడ్డతో తుడిచి, ముందు గదిలోకి తీసుకెళ్ళింది.

"ఉడతకి ఫోన్ చెయ్. వాడి మిషన్ అయిపోయింది. ఈసారి ఆయిల్ కలపకపోతే చెయ్యి విరగ్గొడతానని చెప్పు."

తమ్ముడు ఫోన్లోంచి తలెత్తకుండా ఏదో అన్నాడు.

"గట్టిగా ఏడువు."

"తొందరేం లేదంటున్నాను. వాడికి నిన్న వేరేది ఇచ్చాం కదా, ఇది అయ్యేదాకా వాడుకోమని."

"ఏది ఇచ్చావు?"

"అదే, నీ గదిలో మూలనుండేది."

ఆమె వెనక్కి పరిగెత్తింది. మూలన మిషన్ లేదు. అది ఉన్నచోట నేల మీద నూనె మరక మాత్రం ఉంది. మూడు రోజులుగా ఇంకో ఇంజిన్ మీద పడి ఆ మూలకి చూడనే లేదు.

రంపానికి ముందువైపు ఉండే పిడికి ఎదురుగా ఒక రెక్క ఉంటుంది. రంపం మొన ఏ కొమ్మకో తగిలి మనిషి మీదకి ఎగిరితే, మణికట్టు వెళ్ళి ఆ రెక్కకి కొట్టుకుంటుంది. అంతే, లోపల ఉక్కు పట్టీ బిగుసుకుని చైన్ ఆగిపోతుంది. అదే దాని బ్రేకు. మూలనున్న మిషన్‌లో ఆ పట్టీ తెగిపోయింది. రెక్క మాత్రం అలాగే ఉంది. చూసేవాడికి మిషన్ బంగారంలా కనిపిస్తుంది.

"ఎవర్నడిగి ఇచ్చావురా?" ముందు గదిలోకి వచ్చేసరికి ఆమె గొంతు షెడ్డు రేకులకి తగిలింది. "పనికిరానిదని కదా మూలన పెట్టింది. ఎవర్నడిగావు?"

"నిన్నే అడిగాను."

"నన్నా?"

"గుమ్మంలో నిలబడి అడిగాను. మూలనున్నది ఉడతకివ్వనా అన్నాను. నువ్వు ఇంజిన్ తిప్పుతూ తలూపావు."

"అబద్ధాలాడకు."

టీ గ్లాసులు తీసుకొస్తున్న మరదలు అక్కడే ఆగిపోయింది. మరదలికి ఎవరి పక్షమూ మాట్లాడే అలవాటు లేదు. "నేనూ ఉన్నాను వదినా" అంది మెల్లగా. వదిన మొహం చూసి, గొంతు పెంచి మళ్ళీ చెప్పింది. "నువ్వు తలూపావు. ఈ మధ్య ఏం అడిగినా తలే ఊపుతున్నావు."

ఆమెకి ఆ ఇద్దర్నీ కొట్టాలనిపించింది. ఊపలేదని ప్రమాణం చేయాలనిపించింది. కానీ నిన్న గుమ్మంలో తమ్ముడి పెదాలు కదలడం లీలగా గుర్తొచ్చింది. తలూపితే అడిగినవాడు వెళ్ళిపోతాడు. కొంతకాలంగా ఆమె అలాగే నెట్టుకొస్తోంది.

"వాడికి ఫోన్ చెయ్."

"ఎత్తడం లేదు."

"చెట్టు మీదుంటే ఎట్లా ఎత్తుతాడు? బండి తియ్."

తమ్ముడి వెనక బండెక్కి, ఉడత మిషన్‌ని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. దారి పొడుగునా ఏం తిట్టాలో పేర్చుకుంది. మిషన్ లాక్కుని, ఇది చేతిలో పెట్టి, కొత్త పిస్టన్ చూపించి, కిందున్న వాళ్ళందరి ముందూ దులిపెయ్యాలి. వాడు పళ్ళికిలించి "అలాగే అక్కా" అనాలి. అంతే చాలు.

ఉడత ఆ రోజు పనిచేస్తున్నది రోడ్డు వెడల్పు చేసేచోట. పాత చెట్లు వరుసగా నేలకూలి ఉన్నాయి. ఒక్కటి మాత్రం సగం కొమ్మలతో నిలబడి ఉంది. దాని కింద నలుగురైదుగురు ఊరికే కూర్చున్నారు. మిషన్ల చప్పుడు లేదు. తన చెవికే వినపడటం లేదేమో అనుకుని ఆమె తమ్ముడి మొహం చూసింది. వాడూ చప్పుడు కోసం చెట్టు పైకే చూస్తున్నాడు.

కింద నిలబడి ఉడతకి సామాను అందించే మనిషి లేచి వచ్చాడు. అతని చొక్కా నిండా రక్తం. "ఇప్పుడే తీసుకెళ్ళారక్కా. రంపం ఎగిరి మెడ దగ్గర తగిలింది. వాడు కేక కూడా వెయ్యలేదు, మిషనే మోగుతూ ఉంది. నేను ఎక్కలేను కదా, నిచ్చెన వేసి, వాడు పై కొమ్మకి కట్టుకున్న తాడుని నడుం దగ్గర కోసి దించాం."

మిషన్ గడ్డిలో పడి ఉంది. ఆమె వంగి రెక్కని ముందుకి తోసింది. రెక్క అడ్డూ ఆపూ లేకుండా వాలిపోయింది. ఇంకోసారి తోసింది. మళ్ళీ తోసింది. తమ్ముడు వచ్చి ఆమె చెయ్యి పట్టుకుని ఆపాడు.

ఆసుపత్రికి వెళ్ళే దారిలో గాలికి తమ్ముడి మాటలు తునకలు తునకలుగా వస్తున్నాయి. అలవాటు ప్రకారం ఆమె మెడ కదలబోయింది. దాన్ని అక్కడే బిగబట్టింది.

"నాకు వినపడలేదు. బండి ఆపి చెప్పు."

పుట్టి బుద్ధెరిగాక ఆమె ఆ మాట అనడం అదే మొదటిసారి. తమ్ముడు బండి ఆపాడు. ఆపి, ఆమె మొహంలోకి చూస్తూ అదే మాట మళ్ళీ చెప్పాల్సి వచ్చింది.

"బ్రేకు వాడే ఊడదీసుకున్నాడని చెబుదామంటున్నాను. చేతికి అడ్డమని చాలామంది తీసేస్తారు కదా. ఎవరూ కాదనరు."

"ఇంకోసారి చెప్పు."

"అక్కా, నాకు పిల్లలున్నారు."

"వాడికి లేరా?"

వాడు మొహం తిప్పుకున్నాడు. బండి స్టార్ట్ చేశాడు. దొరికిన తమ్ముడి మీద కోపం తెచ్చుకోవడం తేలికగానే ఉంది. నాన్న మీదా తేలికే. కానీ ఎంత తెచ్చుకున్నా అది ఎవరి దగ్గరా నిలవకుండా, తిరిగి తిరిగి తన మెడ మీదకే వచ్చి కూర్చుంటోంది. ఆ మెడని విరుచుకుంటే బాగుండునని ఆమెకి అనిపించింది.

ఆసుపత్రి వరండాలో ఉడత భార్య నేల మీద కూర్చుని ఉంది. ఆమె బట్టలు కుడుతుంది. కుట్టుమిషన్ ముందు నుంచి లేచి ఉన్నపళంగా వచ్చేసినట్టుంది, కొలతల టేపు ఇంకా మెళ్ళోనే ఉంది. వీళ్ళని చూసి పక్కకి జరిగి చోటిచ్చింది. ఇద్దరూ ఆ పక్కనే కూర్చున్నారు. కాసేపటికి నర్సు తలుపు తీసి "ఆయన తాలూకు ఎవరు? ఒక్కరే రండి" అంది.

భార్య లోపలికి వెళ్ళింది. ఎక్కువసేపు ఉండలేదు. బయటికి వచ్చి, మళ్ళీ అదే చోట కూర్చుని, మెళ్ళోంచి టేపు తీసి వేళ్ళకి చుట్టసాగింది. మొత్తం చుట్టాక "అయిపోయింది" అంది.

తమ్ముడు గొంతు సవరించుకున్నాడు. "మేం మిషన్ బాగానే ఇచ్చామమ్మా. బ్రేకు తనే..."

"నోర్ముయ్" అంది అక్క. వరండాలో అటు చివరి మనుషులు కూడా తిరిగి చూశారు. "ఆ మిషన్ మా షాపుదే. బ్రేకు తెగిందని నేనే మూలన పెట్టాను. వీడు ఇవ్వనా అని అడిగితే తలూపింది కూడా నేనే. నీ మొగుడు దాన్ని ముట్టుకోలేదు. ఎవరడిగినా ఇదే చెప్తాను."

"షాపు మూయిస్తావా ఏంటి?" అన్నాడు తమ్ముడు.

"మూసెయ్."

ఉడత భార్య ఆమె వైపు తిరిగింది. "బ్రేకు లేదని తెలిసీ ఇవ్వమన్నావా?"

"వాడు అడిగింది నాకు వినపడలేదు."

"వినపడనప్పుడు మరి తలెందుకు ఊపావు?"

జీవితమంతా అవతలివాడి నోరు మూయించే జవాబు ఆమె నాలుక చివర ఉండేది. ఉడత భార్య మళ్ళీ అడిగింది, ఈసారి ఒక్కో మాటే విడదీసి, చెవిటివాళ్ళకి చెప్పినట్టు. జవాబు కోసం చూసింది. తర్వాత లేచి, ఆమె పక్కన కూర్చోలేనట్టు, దూరంగా కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడింది.

పోలీసు వచ్చి అడిగినప్పుడు ఆమె అదే మాట అక్షరం పొల్లు పోకుండా చెప్పింది. తమ్ముడు నేల చూపులు చూస్తూ విన్నాడు. ఆ తర్వాత తనొక్కడే బండెక్కి వెళ్ళిపోయాడు. ఆమె నడుచుకుంటూ బయలుదేరింది.

రోడ్డు పని జరిగేచోటికి వచ్చేసరికి పొద్దు వాలుతోంది. కొమ్మలు లారీకెత్తేశారు. రక్తం పడినచోట మట్టి కప్పారు. మిగిలిన ఆ ఒక్క చెట్టు కింద కూలీలు తలలెత్తి చూస్తున్నారు. నిచ్చెన వేసి ఒకడు సగం దాకా వెళ్ళి దిగిపోయాడు. చిటారు కొమ్మకి ఉడత పొద్దున బిగించిన ముడి అలాగే ఉంది. దాన్ని విప్పి తేగలిగినవాడు వాళ్ళలో ఎవడూ లేడు. ముడి కింద, కోసిన చోట పీచు రేగిన తాడు గాలికి అటూ ఇటూ ఊగుతోంది.