కపిలకు కుడితి

ప్రతి ఉదయమూ ఆఫీసుకు బయలుదేరేముందు అనురాధ ఎదురింటి గుమ్మం వద్ద ఆగుతుంది. అక్కడ మూతపెట్టిన బకెట్టులో కుడితి సిద్ధంగా ఉంటుంది. బియ్యం కడుగు, వార్చిన గంజి, మినపపొట్టు, ఆనపకాయ తొక్కలు, పైన గుప్పెడు తవుడు. ఇర్వింగ్‌లోని ఆ అపార్ట్‌మెంట్లలో అందరూ సింకులో పారబోసేవాటిని త్రివేణమ్మగారొక్కరే కూడబెడతారు. కుమారుడు శేషగిరి ఇంట ఉంటున్న ఆవిడకు తినదగినదేదైనా వృథాగా పోతే కంటిలో నలుసు పడినట్లే. పద్ధతులంటే అంత పట్టింపు. అనురాధ ఏ పచ్చడి పంపినా, ఆ గిన్నెను ఆవిడ ఏనాడూ ఖాళీగా తిరిగి పంపలేదు. ఏమీ లేకపోతే చిటికెడు పంచదారైనా వేసి ఇస్తారు.

"కపిల ఎలా ఉందే తల్లీ?"

"బాగుందండీ పిన్నిగారూ. నిన్నటిదంతా తాగేసింది."

"చూడి నిలిచినట్లుందా? ఈనితే జున్నుపాలు ముందు నాకే. కుడితి పోసిన ఇంటి వాటా అది. మరిచిపోయేవు."

"మరిచిపోనండీ."

ఆవిడ బకెట్టును ఒకసారి కళ్ళకద్దుకొని అందిస్తారు. ఆ క్షణంలో మాత్రం అనురాధ తలవంచుకొని చెప్పులకేసి చూస్తుంది.

ఎందుకంటే కపిల ఆవు కాదు. అదే ఊళ్ళోని లాస్ కొలినాస్ పేటలో అనురాధ పనిచేసే కంపెనీలోని నిలువెత్తు ఉక్కు ట్యాంకు. దూడ తొడనుండి సూదితో తీసిన కణాలను అందులో పెంచి, పశువును చంపకుండానే మాంసం చేయడం అనురాధ ఉద్యోగం. కణాలకు పోసే ఆహారం ఖరీదైనది కనుక, ఇతర ఆహార పరిశ్రమలు పారవేసే మిగులుతోనే వాటిని మేపాలని యాజమాన్యం పట్టుదల. సోయా పిప్పి పోశారు. బీరు కాచగా మిగిలిన బార్లీ పోశారు. పనీరు తీయగా మిగిలిన విరుగుడు నీళ్ళు డ్రమ్ములకొద్దీ తెచ్చి పోశారు. కణాలు మాత్రం అలిగిన అల్లుళ్ళవలె ముద్ద ముట్టలేదు.

అటువంటి రోజులలో ఒకనాడు త్రివేణమ్మగారు బకెట్టుతో గుమ్మంలో నిలబడి, "ఈ ఊళ్ళో ఆవున్నచోటు ఎక్కడైనా ఉంటే చెప్పు తల్లీ, పారబోయడానికి చేతులు రావడంలేదు," అన్నారు. "మా ఆఫీసులో ఉందండీ," అనేసింది అనురాధ. ఆపక్క ఫ్లాట్లో కోడిగుడ్డు వేయిస్తే కిటికీలు మూసుకొనే ఆవిడతో నిజం చెప్పడమెలా? కపిల అన్న పేరు కూడా ఆవిడ పెట్టినదే.

ఆ కుడితిని మరిగించి, వడగట్టి పోసిన నాడే ట్యాంకు వెచ్చబడింది. పాలు పితికే వేళకు "అంబా" అని అరిచింది. అది మొదలు రోజూ ఆ వేళకు అరుస్తూనే ఉంది. ఆఫీసులో ఎవరూ దానిని వింతగా ఎంచలేదు. మీటింగులో ఉన్నవారు మైకు మ్యూట్ చేసుకొనేవారు, అంతే.

"ఫ్రైడే ఇన్వెస్టర్స్ వస్తున్నారు," అన్నాడు మేనేజరు రాజీవ్. "బ్యాచ్ హార్వెస్ట్ చేసి, వాళ్ళ ముందే ఫ్రై చేసి పెడదాం. వాళ్ళకి నచ్చితే నీ గ్రీన్ కార్డ్ ఫైల్ చేయించే పూచీ నాది."

"ఆ రోజే కోయాలా?"

"కోయడమేంటి అనురాధా? లిడ్ ఓపెన్ చేయడమే. అదేమన్నా ఆవా?"

లోపలినుండి కపిల అరిచింది. రాజీవ్ లేచి తలుపు మూశాడు.

శుక్రవారం ఉదయం బకెట్టు అనురాధ చేతికి బరువైపోయింది. "పిన్నిగారూ, మీరు కూడా ఒకసారి నాతో రండి," అంది. ఆవిడ ఉతికిన చీర కట్టుకొని, కపిలకు తినిపించడానికని రెండు అరటిపళ్ళు పట్టుకొని కారెక్కారు.

హైవే మీదికి వచ్చాక అనురాధ నోరు విప్పింది. "అది ఆవు కాదండీ."

"పోనీ గేదె. దానికింత ముఖం చిన్నబుచ్చుకోవడమెందుకు?"

"గేదె కూడా కాదండీ. ట్యాంకులో పెంచుతున్న మాంసం. ఇవాళ తీసి వేయించి అతిథులకు పెడతారు."

ఆవిడ ఒడిలోని అరటిపళ్ళవైపు చూశారు. "నా కుడితితోనా?"

"మీ కుడితితోనేనండీ. దేనినీ చంపడంలేదు పిన్నిగారూ, నిజంగా..."

"చంపడం మాట నేనడగలేదు. రోజూ నా గుమ్మంలో నిలబడి, బాగుంది, తాగింది అన్నావే. ఆ మాట అడుగుతున్నాను."

అనురాధ కారును ఎగ్జిట్ వైపు తిప్పింది.

త్రివేణమ్మగారు నేరుగా ట్యాంకు దగ్గరికి నడిచారు. తరువాత గంగడోలు నిమిరినట్లు ఆ ఉక్కును నిమిరి, "వచ్చానే," అన్నారు. దూడను చూసిన ఆవులా ట్యాంకు చేపుకు వచ్చింది. నమూనాలు తీసే కుళాయి చివర పసుపుపచ్చని చిక్కని బొట్టొకటి నిలిచి, జారి, వెనువెంటనే ధార కట్టింది. అతిథుల ఎదుట మూత తెరిచేసరికి లోపల మాంసం లేదు, అంచుదాకా జున్నుపాలు.

అనురాధ బెల్లమూ మిరియాలపొడీ తెప్పించి ఆఫీసు వంటగదిలోనే వండి పెట్టింది. అతిథులు మారు వడ్డించమన్నారు. త్రివేణమ్మగారు మాత్రం అప్పటికే వెళ్ళి కారులో కూర్చున్నారు. మరునాడు ఆఫీసులో ఎవరెవరో కుళాయికి చేయిపెట్టి చూశారు. రోజూ కుడితి పోసే అనురాధ ముట్టుకుంటేగాని చుక్క రాలలేదు.

"ఇది డెయిరీ కిందికి వస్తుంది, పర్మిషన్లు మళ్ళీ మొదటినుంచి," అన్నాడు రాజీవ్. "కానీ నువ్వు లేకపోతే ఇది పాలివ్వదు. నీ గ్రీన్ కార్డ్ వెంటనే ఫైల్ చేస్తున్నాం. నిన్ను వదిలే ప్రశ్నే లేదు."

ఏళ్ళుగా కోరుకున్న మాట. దొంగిలించిన సొమ్ము చేతిలో పెట్టినట్లనిపించింది అనురాధకు.

ఆ సాయంకాలం, అతిథులకంటే ముందే తీసి ఉంచిన మొదటి వాటా జున్ను గిన్నెతో ఎదురింటి తలుపు తట్టింది. త్రివేణమ్మగారు రెండు చేతులతో అందుకున్నారు.

"పిన్నిగారూ, నేను..."

"వాటా వాటాయే," అని ఆవిడ మెల్లగా తలుపు వేసుకున్నారు.

మరునాటి ఉదయం గుమ్మం బయట బకెట్టు ఎప్పటివలెనే ఉంది. నిండుగా కుడితి, పైన గుప్పెడు తవుడు, తొక్క తీసి ముక్కలు చేసిన రెండు అరటిపళ్ళు. పక్కనే జున్ను గిన్నె. తళతళలాడేటట్లు తోమి, తుడిచి పెట్టి ఉంది. అనురాధ వంగి దానిని చేతిలోకి తీసుకొని, వెలుతురుకు తిప్పి, అడుగుదాకా వ్రేలితో తడిమి చూసింది.

అందులో చిటికెడు పంచదారైనా లేదు.