ఆకుపచ్చ ఫ్యూజు

కార్లకు కరెంటు పని చేసే ఆ మావయ్యకు నోరు పెద్దది. పనితనం అంతకంటే పెద్దదని ఆయనే చెప్పుకుంటాడు, ఎవరూ కాదనరు. ఫ్యూజు మార్చిన ప్రతిసారీ దాని నెత్తిన భార్య గోళ్ల రంగుతో ఒక తెల్లచుక్క పెట్టడం ఆయన అలవాటు. మార్చకుండానే మార్చానన్నావని ఎవరైనా పేచీకి దిగితే ఆ చుక్క చూపించి నోరు మూయిస్తాడు.

ఆ ఉదయం మేనకోడలు కారు తెచ్చింది. చంకలో ఏడు నెలల పాప.

"మావయ్యా, వెనక సీటు దగ్గర సాకెట్టు నిన్నటి నుంచీ పనిచెయ్యట్లేదు. దీని పాలసీసా వెచ్చబెట్టుకునేది అక్కడే. ఫ్యూజు పోయిందేమో."

"పోతే పోయిందిలే. కూర్చో."

ఆమె ఎప్పటిలాగే స్టూలు మీద కూర్చుని ఫోను తీసింది. మావయ్య చేతిలో పెట్టాక కారు వంక తిరిగి చూసే అలవాటు ఆమెకు లేదు. తండ్రి లేని పిల్లకు బండి నడపడం నేర్పిందీ, ఈ పాత కారు వెతికి కొనిపెట్టిందీ ఆయనే. ఆ నమ్మకానికి ఆయన లోలోపల మురిసిపోతుంటాడు.

తాళంచెవి తీసి పక్కన పెట్టి, స్టీరింగు కింద ఫ్యూజుల పెట్టె మూత ఊడదీశాడు. మూత లోపలి బొమ్మలో వెనక సాకెట్టు గడి ఎక్కడుందో చూసుకున్నాడు. అక్కడ ఉండాల్సింది పదిహేను ఆంపియర్ల నీలం ఫ్యూజు. ఉన్నది ముప్ఫై ఆంపియర్ల ఆకుపచ్చది. పట్టకారుతో లాగి వెలుతురుకు పట్టి చూస్తే లోపలి తీగ చెక్కుచెదరలేదు.

"ఏ దరిద్రుడు పెట్టాడే దీన్ని?"

ఆ గొంతుకు పక్కనున్న పంక్చర్ల షాపాయన టైరు వదిలేసి వచ్చాడు.

"వైరు కాలకముందే తాను కాలిపోవడానికయ్యా ఫ్యూజు ఉండేది," అన్నాడు మావయ్య అతనితో. "పదిహేనుకి పోవాల్సింది ముప్ఫై దాకా కులాసాగా కూర్చుంటే, ఈలోగా వైరు గతేంటి? వీడికి పని నేర్పినవాడెవడో గానీ, ముందు వాణ్ణి తన్నాలి."

"నేను ఇంకెవరి దగ్గరికీ వెళ్లలేదు మావయ్యా," అంది మేనకోడలు.

"మీ ఆఫీసు పక్కన షెడ్డువాడేగా? దాచకు తల్లీ. నిన్నేమీ అనను, వాడి సంగతే చూస్తాను."

గొణుక్కుంటూనే పాప సీటు పట్టీలు విప్పి దాన్ని బయటపెట్టాడు. కింది పెద్ద సీటు ఎత్తి, కార్పెట్టు మడిచాడు. ఆయన నోరు అక్కడితో ఆగిపోయింది.

సీటు ఇనుప పట్టాకు రాసుకుని రాసుకుని వైరు తొడుగు అరిగిపోయింది. అక్కడి నుంచి జానెడు మేర ప్లాస్టిక్కు కరిగి కారి, లోపలి తీగ తెగింది. కార్పెట్టు అడుగు నల్లగా మాడి, వేలు తగలగానే పొడిపొడిగా రాలింది. దానికి సరిగ్గా పైనే పాప సీటు ఉండేది. తీగ నిన్న తెగకపోయుంటే అన్న ఆలోచన వచ్చి, అది పూర్తి కాకుండానే భయంతో వదిలేశాడు.

"ఈ ఫ్యూజు తీసుకెళ్లి వాడి మొహాన కొడతాను," అంటూ దాని మీది జిడ్డును చొక్కా అంచుతో తుడిచాడు.

జిడ్డు కింద తెల్లచుక్క ఉంది.

నిండు నెలలతో మేనకోడలు, ఈ సాకెట్టులోనే ఫోను ఛార్జింగు ఎక్కట్లేదని వచ్చిన సాయంత్రం గుర్తుకొచ్చింది. నీలం ఫ్యూజులు అయిపోయాయి. ఇప్పటికి ఇది పెట్టి పంపి, రేపు తనే ఇంటికెళ్లి మార్చేద్దామనుకున్నాడు. కడుపుతో ఉన్న పిల్ల కంగారు పడుతుందని చెప్పలేదు. అసలు ఫ్యూజు ఎందుకు పోయిందో కూడా చూడలేదు. తెల్లారేసరికి ఆమె ఆసుపత్రిలో ఉంది. మనవరాలు పుట్టిన సంబరంలో ఆ రేపు మళ్లీ రాలేదు.

"పద, నేనూ వస్తా. ఇద్దరం కలిసి దులిపేద్దాం," అన్నాడు పంక్చర్లాయన ఉత్సాహంగా.

చుక్క ఇంకెవరూ చూడలేదు. పిడికిలి మూస్తే చాలు. ఒక్క క్షణం మూశాడు కూడా. మేనకోడలు కాలిన కార్పెట్టు వంక చూస్తూ, పాపను రెండు చేతులతో పొదివి పట్టుకుని నిలబడి ఉంది. ఆయన పిడికిలి విప్పాడు.

"నేనే పెట్టానమ్మా. నువ్వు ఎవరి దగ్గరికీ వెళ్లలేదు."

పంక్చర్లాయన చప్పుడు చెయ్యకుండా తన టైరు దగ్గరికి వెళ్లిపోయాడు.

"రెండు నెలలుగా కాలిన వాసన వస్తోంది మావయ్యా," అంది మేనకోడలు. "మా ఆయన కారు బయటికి తియ్యొద్దన్నాడు. మావయ్య చూసిన కారు, దానికేం కాదని నేనే పోట్లాడాను."

తిట్టినా బాగుండేది అనుకున్నాడాయన. కొత్త వైరు వేసి, పట్టాకు తగలకుండా తొడుగు చుట్టి, నీలం ఫ్యూజు బిగించేసరికి మధ్యాహ్నమైంది. అలవాటు కొద్దీ చెయ్యి గోళ్ల రంగు సీసా మీదికి వెళ్లింది.

"మిగతావి కూడా తియ్యి," అంది ఆమె.

"అవన్నీ బాగానే..." అనబోయి ఆగాడు.

ఆమె ఫోను సంచిలో వేసుకుంది. స్టూలును కాలితో పక్కకు నెట్టి, పాపతో వచ్చి ఆయన భుజం పక్కనే నిలబడింది.

"ఒక్కొక్కటీ నాకు చూపించి పెట్టు."

ఆయన మోకాళ్ల మీద కూర్చుని మొదటి ఫ్యూజు లాగి, అంకె కనబడేలా ఆమె వైపు తిప్పాడు. ఆమె మూత లోపలి బొమ్మలో అంకె సరిచూసుకుని, ఆ తర్వాతే తలూపింది.