జెరెమియా పాట

సైనిక్‌పురిలో లీలాకుమారి ఎక్కిన ఎలక్ట్రిక్ క్యాబ్ సీతాఫల్‌మండి సందులోకి తిరగగానే, డ్రైవర్ జెరెమియా అద్దం దించి గట్టిగా క్రైస్తవ కీర్తన అందుకున్నాడు.

“ఎందుకు బాబూ పాడుతున్నావు?” అని ఆమె అడిగింది.

“మెల్లగ పోతే ఈ బండికి సప్పుడుండదు మేడం. నడిచేటోళ్లకు వినపడాలని ముందట స్పీకర్ పెడ్తరు. అది నిన్న ఖరాబైంది. కొత్తది వచ్చేదాక నేనే పాడుతున్న.”

“హారన్ కొట్టొచ్చుగా?”

“ఎనకనుంచి కొడితే ముసలోళ్లు పరేషాన్ అయితరు.”

ముందు నడుస్తున్న పెద్దాయన పాట విని వెనక్కి తిరిగి, నవ్వి, తీరిగ్గా పక్కకు జరిగాడు. ఇంత మర్యాదగా దారి అడిగే డ్రైవర్‌ని లీలాకుమారి ఎన్నడూ చూడలేదు.

జెరెమియా గొంతు అప్పటికే బొంగురుపోయింది.

“నువ్వు కాసేపు ఆగు, నేను పాడతాను,” అంటూ ఆమె తన వైపు అద్దం దించి, సిగ్గుపడుతూనే మంగళహారతి ఎత్తుకుంది.