మొక్కల గదికి తాళం

నా మరదలు నొక్వాజీ నన్ను మంత్రగత్తె అని నోరు తెరిచి ఒక్కసారి కూడా అనలేదు. మొక్కల గదికి తాళం వేసి, ఆ తాళంచెవి మెడలో వేసుకుని తిరిగింది. చేతబడి భయం ఇంటింటా ఉన్న ఉమ్లాజీ బస్తీలో పుట్టి పెరిగినదాన్ని, నాకు అంతకన్నా విడమరిచి చెప్పాలా?

మొక్కలంటే గంజాయి మొక్కలు. నా తమ్ముడు వుసుముజి టాక్సీ నడిపేవాడు. బండి బోల్తాపడి నడుము దెబ్బతిన్నాక వాడి ఎడమకాల్లో నిప్పు పోసినట్టు నొప్పి పట్టుకుంది. ఆసుపత్రి మాత్రలు వేసుకుంటే తిన్నదంతా బయటికొచ్చేది. గంజాయి పూత కాచి తాగిన రోజు మాత్రం తెల్లవార్లూ నిద్రపోయేవాడు. వీధిలో అమ్మేదాంట్లో ఏం కలుపుతారో దేవుడికే తెలియాలి. సొంతానికి ఇంట్లో పెంచుకుంటే మా దేశంలో ఇప్పుడు పోలీసులు కూడా ఏమీ అనరు. కానీ పెరట్లో వేస్తే పూత రాకముందే గోడ దూకి పీక్కుపోతారు. అందుకని నొక్వాజీ వెనకగది గోడలకు వెండిరంగు కాగితం అంటించి, పైన పెద్ద దీపం వేలాడదీసి, కుండీల్లో మొదలుపెట్టింది. గదిలో మొక్క పెంచడం ఆవిడకు అదే మొదటిసారి.

నేను సీయోను చర్చిదాన్ని, ప్రవక్త చేతి దీవెన నమ్మేవాళ్ళం. తెల్లంగీ, ఆకుపచ్చ నడికట్టు లేకుండా ఆదివారం గడప దాటను. మా చర్చిలో గంజాయి మాటెత్తితేనే పాపం. "ఇదేం పాడుపనే ఇంట్లో?" అని మొదటిరోజే అన్నాను. ఆ ఒక్క మాట పట్టుకుంది మహాతల్లి.

ముందు కింది ఆకులు పసుపెక్కాయి.

"వదినా, నిన్న మీరు ఈ గదిలోకి వచ్చారా?"

"వచ్చాను. చీపురు కోసం."

"ఓహో" అంది. ఆ ఓహోకి నా ఒళ్ళు మండిపోయింది. కుండీలో వేలుపెట్టి చూస్తే లోపలంతా బురద.

"నీళ్ళు ఎక్కువ పోస్తున్నావే. వేళ్ళకి ఊపిరాడొద్దూ? మట్టి ఆరనియ్."

ఆరనిచ్చింది. మొక్కలు తేరుకున్నాయి. తర్వాత పైఆకుల అంచులు పైకి ముడుచుకున్నాయి. దీపం కింద చెయ్యిపెడితే నాకే చురుక్కుమంది. దీపం కాస్త పైకి కట్టించాను, అదీ సర్దుకుంది. మంచిమాట ఒకటి అందా? లేదు.

"పాపమన్నారు కదా, మీకివన్నీ ఎలా తెలుసు వదినా?"

"టమాటా మొక్కకైనా ఇంతేనమ్మా! ఊహ తెలిసినప్పట్నించీ మట్టి పిసుకుతున్నా." బాగుచేసినా అనుమానమే, నా ఖర్మ!

ఆపైన వచ్చింది అసలు తెగులు. ఆకుల చివర్లు మాడిపోవడం మొదలైంది. మాడు చివరినుంచి లోపలికి పాకుతోంది, అంచులు ముట్టుకుంటే పొడిపొడిగా రాలుతున్నాయి. ఎరువు ఎక్కువైందేమోనని నొక్వాజీ ఎరువు మానేసింది. అయినా ఆగలేదు. ఇంకేం, తాళం వచ్చింది.

అబద్ధం ఎందుకు చెప్పాలి, నేనూ ఆవిడ్ని అనుమానించాను. మంచానపడ్డ మొగుణ్ణి నామీద వదిలేసి, సందు దొరికితే చాలు, ఒంటరిగా సముద్రపు ఒడ్డుకు పోయేది. ఎవరికోసం? మొక్కలు చచ్చి, వాడు విసిగిపోయి, నేను ఇల్లు వదిలిపోతే ఎవరికి లాభం? మొక్కజొన్న పిండితో ఫుతూ వండుతూ, అందులో బీన్సు కలుపుతూ ఇవే లెక్కలు వేసుకునేదాన్ని.

ఆరోజు సాయంత్రం తమ్ముడు దిండు పళ్ళతో కొరుక్కుంటూ మూలగడం విన్నాను. నావల్ల కాలేదు. చెంబునిండా కుళాయి నీళ్ళు పట్టుకుని వెనకగది దగ్గరికి వెళ్ళాను.

"తలుపు తియ్యవే. మట్టిలో ఏదో చేరింది. మంచినీళ్ళతో కడిగేస్తే పోతుందేమో."

తాళం తీసింది. కానీ కుండీకి అడ్డం నిలబడింది.

"ముందు మీరు తాగండి."

మా ఇళ్ళలో బీరు కుండ అతిథి ముందు పెట్టినవాళ్ళు తొలి గుక్క తామే తాగుతారు, ఇందులో విషం లేదని. అది మర్యాద. కానీ తాగమని అడిగి తాగించడం మర్యాద కాదు, నింద. వాడి మూలుగు వినబడుతూనే ఉంది. సగం చెంబు గటగటా తాగి, మూతి తుడుచుకున్నాను.

"చాలా? చచ్చానా?"

ఆవిడ పక్కకు జరిగింది. వంగి చూద్దును కదా, మట్టిమీద తెల్లటి పొర పేరుకుని ఉంది. వేలితో తీసి నాలికమీద పెట్టుకున్నాను. ఉప్పు! తలుపు వెనక కూల్‌డ్రింక్ సీసాలు వరసగా ఉన్నాయి, నిండా నీళ్ళతో.

"అవేంటే?"

"ప్రార్థన నీళ్ళు."

"ఎక్కడివి?"

"సముద్రానివి. మీ ప్రవక్తే ప్రార్థన చేసిచ్చాడు." నొక్వాజీ గొంతు తగ్గింది. "చెడ్డచెయ్యి పడకుండా రోజూ పొద్దున్నే మొక్కల కుదుళ్ళలో చల్లమన్నాడు. ఏ మొక్కలో నేను చెప్పలేదు."

మా ప్రవక్త! ప్రతివారం నా నెత్తిమీద చెయ్యిపెట్టి దీవించే మనిషి! ఈవిడ ఎవరి చెయ్యి అని చెప్పిందో, ఆయన ఏమని తలూపాడో! ఒక సీసా మూత తీసి ఆవిడ చేతిలో పెట్టాను.

"నేను తెచ్చింది నేను తాగాను. నువ్వు పోసేది నువ్వు తాగు."

మొండిది, తాగింది. రెండో గుక్క దిగలేదు. దగ్గి, ఉమ్మేసి, గోడ పట్టుకుని నిలబడింది. మాడిన ఆకులవైపు చూసింది, సీసావైపు చూసింది.

"ప్రార్థన చేశాక కూడా అవి ఉప్పునీళ్ళే అని నాకు తోచలేదు వదినా... వీటిని మాడ్చింది నేనేనా?"

అనడానికి నా దగ్గర చాలా మాటలున్నాయి. ఇన్నాళ్ళూ దాచుకున్నవి, పదునుపెట్టుకున్నవి. నాలిక చివరిదాకా వచ్చాయి కూడా.

అంతలో గోడ అవతలినుంచి తమ్ముడి గొంతు వినిపించింది. పళ్ళు బిగబట్టి మాట్లాడుతున్నాడు.

"మీ ఇద్దరూ తాగడం అయిందా అక్కా? నాకు తాగడానికి ఏమైనా మిగిల్చారా?"

ఇద్దరం మొక్కలవైపు చూశాం. కాచి ఇవ్వడానికి వాటికి ఒక్క పూతైనా లేదు; చెంబులో మిగిలిన నీళ్ళు మొదటి కుండీలో వంచాను.